అనుబంధం గారికి, మూడు ప్రతుల్లో

మహారాజశ్రీ అనుబంధం గారి సముఖానికి, కోనసీమలో కాలువ గట్టు మీదున్న ఒక డిగ్రీ కళాశాల అర్థశాస్త్ర అధ్యాపకుడు నమస్కరించి రాసుకునే విన్నపం.

మా వైపు అనుబంధమంటే పండక్కి వచ్చే అల్లుడు, వియ్యాలవారు పంపే పూతరేకుల డబ్బా. ఏటా రుసుము కట్టించుకుని, తనిఖీకి వచ్చి, లోపాలు రాసుకెళ్లే అనుబంధం మీరొక్కరే. కళాశాలకూ విశ్వవిద్యాలయానికీ మధ్య బంధానికి, అదే అఫిలియేషన్‌కు, ఇంత తియ్యని పేరు పెట్టినవాడు ఎవడో గాని గడుసువాడు.

మీ జాతకం నాకు తెలుసు. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో ఒకే ఏడు వెలిశారు. పాఠం ఎవరైనా చెప్పుకోండి, పరీక్షా పట్టా మావి అన్న లండన్ విశ్వవిద్యాలయం పద్ధతి మీది. ఆ లండన్ వారే 1898లో చట్టం చేసుకుని బోధనకూ చోటిచ్చారు. మీరు ఇక్కడే స్థిరపడ్డారు. మా గోదావరి కళాశాలలు మద్రాసు కింద ఉన్నాయి, 1926 తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయం కిందికి వచ్చాయి, 2006లో రాజమహేంద్రవరంలో నన్నయ గారి పేరిట మరొకటి వెలిసింది. బోర్డులు మారాయి, బీరువా మారలేదు.

డెల్టాలో పుట్టినవాణ్ని కాబట్టి నాకు మీరు కాలువలాగే కనిపిస్తారు. ధవళేశ్వరంలో తలుపులెత్తిన నీరు శివారు పొలానికి చేరేసరికి నారు ముదిరిపోతుంది. సవరించిన సిలబస్ మా చేతికి వచ్చేసరికి సెమిస్టర్ సగం అయిపోతుంది. కాలువకైతే నీరు వదిలే లస్కరు ఉంటాడు, వెళ్లి పోట్లాడవచ్చు.

మొన్నటి తనిఖీ మాట చెప్పాలి. ప్రయోగశాలలో సూక్ష్మదర్శినులు తక్కువయ్యాయని పక్క మండలం కళాశాల నుంచి నాలుగు తెచ్చాం. వాటి అడుగున ఎర్ర రంగుతో వాళ్ల స్టాకు నంబర్లు. అటెండరు రాత్రంతా ఎసిటోన్ పెట్టి రుద్దినా ఒకదాని మీద ఒక అక్షరం మిగిలిపోయింది. తనిఖీ సంఘంలో ఒక పెద్దాయన దాన్ని బొటనవేలితో తడిమి, 'దీని అద్దం కొంచెం బిగుతు, ఎడమకు తిప్పాలి' అన్నారు. ఆయన ఆ కళాశాలలోనే పనిచేస్తారు. మధ్యాహ్నం పండుగప్ప పులుసుతో భోజనమైంది. ప్రయోగశాల సంతృప్తికరమని నివేదిక వచ్చింది.

మిమ్మల్ని తిట్టడానికి కూర్చున్నాననుకోకండి. మీ నీడలో నేనూ సుఖపడ్డాను. పాఠం నాది, ప్రశ్నపత్రం ఇంకెవరిదో, దిద్దేది మరొకరు. పిల్లవాడు తప్పితే పేపరు కష్టమని నేనంటాను, పాఠం సరిగా చెప్పలేదని పేపరిచ్చినాయన అంటాడు, దిద్దినాయనకు వాడెవడో తెలియదు. నింద మోయడానికి మనిషే దొరకడు.

ఒక్కసారి మాత్రం బుద్ధి గడ్డితిని, డిమాండ్ పాఠాన్ని అంబాజీపేట కొబ్బరి మార్కెట్ మీదుగా చెప్పాను. ఒక కుర్రాడు వాళ్ల నాన్న కొబ్బరికాయల దింపు లెక్కల పుస్తకం పట్టుకొచ్చాడు. కాయ ధర పడితే దింపు ఎందుకు ఆపుతారని తరగతి గంటన్నర కొట్టుకుంది. పరీక్షలో 'డిమాండ్ వ్యాకోచత్వంలోని రకాలను వివరింపుము' అని వచ్చింది. వాడు అంబాజీపేట రాశాడు, పదికి మూడు వచ్చాయి. గైడు బట్టీ పట్టినవాడికి ఎనిమిది. మరుసటి ఏడాది నుంచి నేనూ గైడులోకి దిగిపోయాను.

మిమ్మల్ని సాగనంపాలనుకున్నవారు లేకపోలేదు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1931 నుంచి 1936 దాకా ఉపకులపతిగా ఉన్న రాధాకృష్ణన్ గారే, 1948 నాటి విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌కు అధ్యక్షులై, కేవలం అనుబంధాలతో బతికే విశ్వవిద్యాలయం ఉండకూడదన్నారు. 2020 జాతీయ విద్యా విధానం పదిహేనేళ్లలో మిమ్మల్ని దశలవారీగా తొలగిస్తామంది. మార్గం స్వయంప్రతిపత్తి అట. అది దక్కిన కళాశాల సిలబస్ తనే రాసుకుంటుంది, పరీక్ష తనే పెట్టుకుంటుంది, పట్టా మాత్రం విశ్వవిద్యాలయమే ఇస్తుంది. వేరు కాపురం పెట్టినా తాళంచెవుల గుత్తి అత్తగారి బొడ్డులోనే ఉన్నట్టు.

ఆ విధానంలోనే ఏడాదికి మానేస్తే సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా, మూడేళ్లకు డిగ్రీ అన్నారు. మా ఊరి పిల్లలు ఎప్పటినుంచో మొదటి ఏడాదే మానేసి కువైట్ విమానం ఎక్కుతున్నారు. ఇకపై కాగితం పట్టుకుని ఎక్కుతారు.

ఇంకా రాయాలని ఉంది. కాని సూక్ష్మదర్శినులు ఇచ్చిన కళాశాలకు ఈ మంగళవారం తనిఖీ. వాళ్ల గ్రంథాలయంలో పుస్తకాలు చాలవట. మావి ఆరు వందలు వ్యాను ఎక్కుతున్నాయి, ముద్రలున్న పేజీల మీద కాగితాలు అంటించాలి. జిగురు చేతికి అంటుకుంది, మూడో ప్రతి రేపు పంపుతాను.

ఇట్లు,
తమ అనుబంధ అధ్యాపకుడు