‘తెలీదు’ స్వరకర్త ఎవరు?

ఆశు సంగీతోత్సవానికి గ్రాంటు కావాలంటే ఓ ఫారం నింపాలి. అందులో 7వ గడి: “వినిపించబోవు రచనల జాబితా, నిడివి నిమిషాలతో సహా.” ఆ గడి గీసిన మహానుభావుడికి నా పాదాభివందనాలు. అవధానం మొదలవకముందే పూరణలన్నీ మూడు ప్రతుల్లో సమర్పించమనడానికి ఎంత దూరదృష్టి కావాలి!

ఉత్సవం నడిపేది మా మిత్రుడే. శాక్సఫోన్ వాయిస్తాడు. ఎవర్ని పిలవాలో, ఎవరి పక్కన ఎవర్ని నిలబెట్టాలో వాయించేవాళ్లే తేల్చుకునే పండగ ఇది. వీళ్లు కనిపెట్టిన వింతేం కాదు. గిటారిస్టు డెరెక్ బెయిలీ 1977లో లండన్‌లో ‘కంపెనీ వీక్’ మొదలుపెట్టాడు. అంతకుముందు ఒకరితో ఒకరు వాయించి ఎరగనివాళ్లను కూడా పిలిచి, జట్లు మార్చి మార్చి వేదిక ఎక్కించేవాడు. 1994 దాకా సాగిందది. 7వ గడి ఇస్తే ఆయన ఏం రాసేవాడో మరి.

మావాడు నిజాయితీపరుడు. “తెలీదు” అని రాశాడు. వారానికి జవాబొచ్చింది: “‘తెలీదు’ అను రచన స్వరకర్త పేరు తెలిపి, హక్కుదారు అనుమతి పత్రం జతపరచవలెను.”

ఇక లాభం లేదని ఫోన్ చేశాడు. అవతలి గొంతు మహా మర్యాదస్తుడిది.

“సుమారుగా చెప్పండి సార్. ముందు ఏం చేస్తారు?”

“ముందు వింటామండీ.”

“ఎవర్ని?”

“ఒకళ్లనొకళ్లం.”

“అదెన్ని నిమిషాలు?”

“చెప్పలేమండీ. మధ్యలో డ్రమ్స్ ఆయన ఆపేస్తాడనుకోండి, మేమూ ఆగి చూస్తాం.”

“ఆగిన టైమ్‌కి కూడా పారితోషికం క్లెయిమ్ చేస్తారా?”

మావాడు రెండు నిమిషాలు మాట్లాడలేదు. అదీ ఆశువే. చివరికి ఆ మర్యాదస్తుడే దారి చూపించాడు: ‘తెలీదు’ మొదటి భాగం 20 నిమిషాలు, రెండో భాగం 25. స్వరకర్త: సమష్టి. ‘ఆశించిన ఫలితాలు’ గడిలో “చప్పట్లు” అని రాస్తే, సంఖ్య వేయమన్నారు.

గ్రాంటు వచ్చింది. బ్యానర్‌కి డబ్బుంది, కుర్చీలకుంది, ముఖ్య అతిథి శాలువాకుంది. కళాకారుల పద్దు మాత్రం, “రచనలు ముందుగా ఖరారు కానివి” కాబట్టి, కొట్టేశారు. కచేరీ అయ్యాక నేను కళ్లారా చూశాను. డబుల్ బేస్ వాయించినాయన వేలికి బొబ్బ చితికి, తీగ మీద ఎర్రటి చార. ఆ వేలికి రుమాలు చుట్టుకుని ఆయన కూర్చుంటే, గేటు దగ్గర ప్లాస్టిక్ డబ్బాలో పడిన నోట్లను మావాడు ఐదుగురికి పంచుతున్నాడు. వాయించింది ఆరుగురు. ఆరోవాడు తనే. శాలువా కప్పించుకున్న పెద్దమనిషి రెండో భాగం మొదలవకుండానే వెళ్లిపోయాడు. ఏ జాబితాలో రాసిచ్చారయ్యా ఇది? సిగ్గనిపించలేదా మీకు?

మొన్న ముగింపు నివేదిక ఫారం వచ్చింది. “వినిపించినది, సమర్పించిన జాబితాతో సరిపోలినదా?” మావాడు ‘అవును’ దగ్గర టిక్కు పెట్టాడు. కాకపోతే ‘తెలీదు’ రెండో భాగం 31 నిమిషాలు నడిచింది. ఎక్కువైన ఆ 6 నిమిషాలకి సంజాయిషీ రాసుకుంటున్నాడిప్పుడు.