పసుపు కొమ్ముకు నియామక పత్రం

విశాఖ పోర్టు దగ్గరి జ్ఞానాపురంలో మా పెద్దమ్మ డాబా మీద ఆరబెట్టిన గుమ్మడి వడియాలు సాయంత్రానికి మిరియాల రంగు తేలడం చూశాక, బొగ్గు ధూళి గురించి విశాఖవాసులు ఇన్నాళ్లూ మొరపెట్టుకోకూడని చోట మొరపెట్టుకున్నారని నాకు రూఢి అయింది. ధూళిని ఆపవలసినది పోర్టులోని బొగ్గు గుట్టల దగ్గర కాదు, మన కణాల్లోని మైటోకాండ్రియా గుమ్మం దగ్గర. ఆ కాపలా ఉద్యోగానికి పాడేరు పసుపును మించిన అభ్యర్థి లేదు.

అర్హతలు నిజంగానే గట్టివి. ఆహారం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లను ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి అందించినట్టు అందిస్తూ, చివరకు ఆక్సిజన్‌కు అప్పగించి మైటోకాండ్రియా శక్తిని తయారు చేస్తుంది. బొగ్గు మసిలో రవంతగా ఉండే ఆర్సెనిక్, సీసం, కాడ్మియం వంటివి ఈ వరుసను చెడగొడితే ఎలక్ట్రాన్లు మధ్యలోనే జారి, ఆక్సిజన్‌ను సూపర్‌ఆక్సైడ్ అనే కొరివిగా మారుస్తాయి. మైటోకాండ్రియా పొర చిల్లుపడి సైటోక్రోమ్ సి అనే ప్రోటీన్ బయటపడిందా, కణం ఆత్మహత్యకు ఉపక్రమిస్తుంది. పసుపులోని కుర్క్యుమిన్ కొన్ని కొరవులను తానే ఆర్పుతుంది. అంతకంటే ముఖ్యంగా, కీప్1 అనే ప్రోటీన్ చెరలో పడి ఉన్న ఎన్ఆర్ఎఫ్2 అనే మరో ప్రోటీన్‌ను విడిపించి, కేంద్రకానికి పంపి, ఆ కొరవులను ఆర్పే గ్లూటాథయోన్ తయారీకి ఉత్తర్వులు వెలువడేలా చేస్తుంది. అటకెక్కిన ఫైలును ఇంత చురుగ్గా దించగల ఉద్యోగిని నేను ఏ కార్యాలయంలోనూ చూడలేదు.

చిన్న చిక్కొకటి ఉంది. ఈ ఘనకార్యాలలో అధిక భాగం గాజు పాత్రల్లోని కణాల మీద, ఎలుకల మీద రుజువైనవి. పసుపు బరువులో కుర్క్యుమిన్ సుమారు 3 శాతమే. అందులో పేగు దాటేది స్వల్పం. దాటినదానికి కాలేయం గ్లూకురోనిక్ ఆమ్లాన్ని తగిలించి, విధుల్లో చేరకముందే బదిలీ చేసేస్తుంది. 1998 నాటి ప్రయోగంలో మనుషులు ఏకంగా 2 గ్రాముల కుర్క్యుమిన్ మింగినా రక్తంలో దాని జాడ దాదాపు కనిపించలేదు. మిరియాలలోని పైపరిన్ సిఫారసు చేశాక రక్తంలో దాని లభ్యత 20 రెట్లు పెరిగింది. ఉండీలేని అంకెను ఇరవైతో హెచ్చవేసి పండగ చేసుకోవడం బడ్జెట్ ప్రసంగాలు వినే మనకు కొత్తేమీ కాదు.

కనుక గుట్టల మీద పట్టాలు కప్పడం, నీళ్లు చల్లడం వంటి దుబారా మాని, ఇంటింటికీ పసుపు పాలు మంజూరు చేయవలసిందిగా ప్రభువులకు నా వినతి. ప్రయోగాత్మకంగా నేనే పాలు కాచి, పసుపు కలిపి, చల్లారడానికి కిటికీ దగ్గర పెట్టాను. పెద్దమ్మ గిన్నెలోకి తొంగిచూసి, “మిరియాలు అప్పుడే వేసేశావేటి?” అంది. నేనింకా డబ్బా మూత తీయనే లేదు.