ఫిలిప్పీ 4:8లో మనం దాటేసే మొదటి మాట

అందరికీ వందనాలు. ఇది కాస్త పొడుగ్గా ఉంటుంది. మా సంఘంలో కొందరికి నచ్చదు కూడా. అయినా రాస్తున్నాను.

పోయిన నెల యూత్ కూడికకి బయటినుంచి వచ్చిన ప్రసంగీకుడు "ఈ వారం సినిమా చూసినవాళ్లు చేతులెత్తండి" అన్నాడు. ఏడెనిమిది చేతులు లేచాయి, అవీ భుజం దాకానే. ఆ తర్వాత ముప్పావుగంట వాళ్లకి తలంటు. మనసు వేటి మీద పెట్టాలో పౌలు వరసగా చెప్పే ఫిలిప్పీ 4:8 చదివించి, "ఏవి పవిత్రమైనవో" దగ్గర ఆగి, ఆ ఒక్క మాట మీదే మొత్తం నడిపించాడు. వెనక బెంచీలో కూర్చుని నేను బైబిల్ తెరిచి చూసుకున్నాను. పవిత్రమైనవి ఆ వరసలో నాలుగోది. మొదటిది "ఏవి సత్యమైనవో".

ఆ మొదటి మాట గురించి ఎవరూ ఎందుకు మాట్లాడరు? నా గొడవంతా అదే.

నాది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో సెల్ రిపేర్ షాపు. పొద్దున్నుంచి రాత్రి దాకా జనం ఫోన్లే నా చేతుల్లో ఉంటాయి. పగిలిన డిస్‌ప్లే మార్చి, టెస్ట్ చేద్దామని ఆన్ చేయగానే నోటిఫికేషన్లు బొలబొలా రాలతాయి. నేను ఎవరి ఫోనూ వెతకను, కానీ కళ్లు మూసుకుని రిపేర్ చేయలేను కదా. నాకు కనిపించింది చెప్తాను: మన విశ్వాసుల ఫోన్లలో బూతు కంటే అబద్ధం ఎక్కువ.

"ఈ వీడియో దాటేస్తే నీ దీవెన దాటేసినట్టే." "ఏడుగురికి పంపు, సాయంత్రంలోగా శుభవార్త వింటావు." వెనకటికి ఇలాంటివి పోస్టుకార్డు మీద వచ్చేవి, ఇంతమందికి రాసి పంపకపోతే కీడు అని. వేరే దేవుళ్ల పేరుతో వచ్చేవి కాబట్టి మా నాన్న చించి పొయ్యిలో పడేసేవాడు. ఇప్పుడు అదే కార్డుకి సిలువ బొమ్మ తగిలించారు, మనం ఆమేన్ కొడుతున్నాం.

మా నాన్న జన్మలో సినిమా హాలు గుమ్మం తొక్కలేదు. టీవీ అంటే సాతాను పెట్టె. అదే సంఘం యేసుప్రభువు సినిమా వచ్చిందంటే మైదానంలో తెర కట్టి, జనరేటర్ తెప్పించి మరీ వేయించేది. తర్వాత తెలుగు క్రైస్తవ చానెళ్లు వచ్చాయి, సాతాను పెట్టె కాస్తా ప్రార్థన గదిలోకి చేరింది. నేను వెక్కిరించడం లేదు, ఆ సినిమా చూసి ఏడ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ అప్పటినుంచి మన తూకంరాయి ఒకటే అయిపోయింది. మీద క్రైస్తవ ముద్ర ఉందా? ఉంటే చూడొచ్చు, పంపొచ్చు. లోపల సరుకు ఏంటో చూసేవాడు లేడు.

ఫోన్ వద్దనేవాణ్ని కాదు నేను. నా కూడు అదే, అది వేరే సంగతి, అసలు కారణం ఇంకోటి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, మహేంద్రతనయ దాటితే పాతపట్నం, ఆంధ్ర. ఇటువైపు మా పిల్లలకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. బడిలో ఒడియా. సండే స్కూల్లో తెలుగు బైబిల్ చేతికిస్తే తెల్లమొహం వేస్తారు. అందుకని ఫోన్లో ఆడియో బైబిల్ పెట్టి 23వ కీర్తన ఒక్కో వచనం ఆపి ఆపి వినిపించాను. మరుసటి వారం ఒక తొమ్మిదేళ్ల కుర్రాడు నోట్‌బుక్ తెచ్చి చూపించాడు. "యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు" అని తెలుగు మాటలే, ఒడియా అక్షరాల్లో. ఇంట్లో వాళ్లమ్మ ఫోన్లో విని రాసుకున్నాడట. ఆ పేజీకి ఫోటో తీసి దాచుకున్నాను. కాబట్టి తెర చెడ్డది అని నాతో అనకండి.

ఇప్పుడు నా తప్పు చెప్తాను.

పోయినేడు మా సంఘం గ్రూపులో ఒక వీడియో వచ్చింది. నలుగురు ఒక మనిషిని ఈడుస్తున్నారు, అతని చేతిలో పుస్తకం. కింద రాసి ఉంది: కొండ మీద ఫలానా ఊళ్లో నిన్న రాత్రి మన పాస్టర్‌గారిని కొట్టారు, ప్రార్థించండి, అందరికీ పంపండి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నాలుగు గ్రూపులకి పంపాను. స్టేటస్ కూడా పెట్టాను.

మా పక్కది పూజా సామాన్ల షాపు. అతను ఒడియా అతను, పన్నెండేళ్ల స్నేహం. మధ్యాహ్నం మూడింటికి నా కౌంటర్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"భాయి, స్టేటస్ చూశాను. నువ్వు చూశావా అది?"

"వీడియో ఉంది కదా."

"వీడియో నేనూ చూశాను. ఆ ఊరు మా అక్కని ఇచ్చిన ఊరు. ఫోన్ చేశాను. నిన్న రాత్రి అక్కడ కరెంటు పోయిందట. ఇంకేం జరగలేదట."

కోపంగా అనలేదు. అంటే బాగుండేది. అతను వెళ్లాక సౌండ్ పెట్టి మళ్లీ చూశాను. అందులో వాళ్లు మాట్లాడేది తెలుగు కాదు, ఒడియా కాదు, ఇక్కడి కొండల్లో మాట్లాడే సవర కూడా కాదు. ఐదు సెకన్లు విని ఉంటే తెలిసిపోయేది. కౌంటర్ దగ్గర కస్టమర్ ఉన్నాడని నేను మ్యూట్‌లో చూశాను. మ్యూట్‌లో చూసి ఏడ్చాను!

స్టేటస్ తీసేశాను. నాలుగు గ్రూపుల్లోనూ "ఇది నిజం కాదు, క్షమించండి" అని పెట్టాను. మూడింట్లో ఎవరూ పలకలేదు. ఒకదాంట్లో ఒక పెద్దాయన "అయితే ఏం బ్రదర్, ఇలాంటివి జరుగుతూనే ఉన్నాయి కదా, చేసిన ప్రార్థన వృథా పోదు" అన్నారు.

అయ్యగారూ, జరుగుతాయి. 2008లో మన ఒడిశాలోనే కంధమాల్‌లో క్రైస్తవుల ఇళ్లు, మందిరాలు తగలబడి వేలమంది అడవుల్లో, క్యాంపుల్లో తలదాచుకున్నారు. అది నిజం. నిజం కాబట్టే దాని పక్కన అబద్ధం పెట్టకూడదు. రేపు నిజంగా దెబ్బ తిన్నవాడు వచ్చి చెప్తే ఎవరు నమ్ముతారు? ఇక నీ పొరుగువాని మీద అబద్ధసాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞ ఉంది. పూజా సామాన్ల షాపు అతను అక్షరాలా నా పొరుగువాడు. మధ్యలో ఉన్నది ఒక్క ఇటుక గోడ.

ఆశ్చర్యం ఏంటంటే ఈ విషయంలో మనకంటే వాట్సాప్ వాళ్లకే ముందు భయం వేసింది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న పుకార్లతో జనం అమాయకుల్ని కొట్టి చంపారు. మహారాష్ట్రలో ధూలే జిల్లాలో ఒక్కరోజే ఐదుగురు. ఆ ఏడాదే ఇండియాలో ఒకేసారి ఐదు చాట్‌లకి మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టేశారు. చాలా చేతులు మారిన మెసేజ్‌కి రెండు బాణాలు పడతాయి, 2020 నుంచి అలాంటిది ఒకసారికి ఒక్క చాట్‌కే వెళ్తుంది. మన దగ్గర ప్రసంగాల్లో జుట్టు పొడుగు, జీన్స్ ప్యాంటు వచ్చాయి కానీ ఆ రెండు బాణాలు ఇంతవరకు రాలేదు.

టైమ్ సంగతి కూడా ఒక్క మాట. సెట్టింగ్స్‌లో నేను ఫోన్ చూసిన లెక్క తీస్తే ఒక ఆదివారం నాలుగు గంటల యాభై నిమిషాలు. అందులో సగం ప్రసంగాల ముక్కలే, నిమిషం నిమిషం షార్ట్స్. ఆ రాత్రి కుటుంబ ప్రార్థన పన్నెండు నిమిషాల్లో ముగించాం, నాకు నిద్ర వస్తోందని. "నేను దేనిచేతను లోపరచుకొనబడనొల్లను" అని పౌలు అన్నది మద్యం సీసా గురించే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ.

ఇప్పుడు గ్రూపులో ఏదైనా వస్తే నేను అడిగేది ఒకటే, పక్క షాపు అతను నన్ను అడిగింది: "మీరు చూశారా?" దానికి నాకు "విశ్వాసం చల్లారిన బ్రదర్" అని పేరు పడింది. పడనీ.

నిన్న రాత్రి మళ్లీ ఒకటి వచ్చింది. రెండు బాణాలు. ఈసారి రాసిన ఊరు మా జిల్లాలోనే మోహన అనే ఊరి వైపు, అక్కడ నాకు తెలిసిన కస్టమర్ ఒకతను ఉన్నాడు. ముందు సౌండ్ పెట్టి విన్నాను, ఒడియాయే. ఫోన్ చేశాను, కవరేజ్ లేదంది. పొద్దున్న షాపు తెరిచాక రెండుసార్లు చేశాను, అదే మాట. ఆ ఊరి కోసం ప్రార్థన చేశాను. వీడియో ఇంకా నా దగ్గరే ఉంది.