మేనక వెల ఎంత?

పాత బొమ్మలకు వెల కట్టే విద్యలో మనవాళ్లను మించినవాళ్లు లేరు. పారిస్‌లో ఎవరికైనా ఫ్రెంచి చిత్రకారుడు తులూజ్ లోత్రెక్ గీసిన నాట్యగత్తె లితోగ్రాఫ్ (రాతి మీద గీసి తీసే అచ్చు) దొరికితే, పాపం, భూతద్దం పట్టుకుని తంటాలు పడతారు. అంచు మీద పెన్సిల్ సంతకం ఉందా, కాగితం ఏ కాలానిది, ఎన్ని ప్రతులు తీశారు అని ఆరా తీస్తారు. మన మేనమామ సోఫాలోంచి లేవకుండానే తేల్చేస్తాడు: "అరవై లక్షలకు పైసా తగ్గొద్దురా."

ఆ అరవై లక్షల సరుకు చాలా ఇళ్లలో రవివర్మ బొమ్మే అయి ఉంటుంది. 'శకుంతల జననం' సంగతే చూడండి. 1894లో బొంబాయిలో పెట్టిన ఆయన రాతి అచ్చు ప్రెస్సులో మొదట అచ్చయిన బొమ్మ అది. ఇంద్రసభలో ఆడే మేనక పసిపాపను చూపిస్తూ నిలబడితే, విశ్వామిత్రుడు మొహం పక్కకు తిప్పుకుని చెయ్యి అడ్డం పెడతాడు. పాత వస్తువుల వ్యాపారికి ఈ పటం చూపించి ధర చెప్పమంటే, ఆయన పెట్టే భంగిమ కూడా అదే.

"సంతకం ఉంది కదండీ!" అంటాం మనం. ఉంది. బొమ్మతో పాటు రాతి మీదికి ఎక్కిన సంతకం, రంగులతో పాటే ప్రతి కాపీలోనూ దిగుతుంది. ప్రెస్సు రవివర్మ బతికుండగానే జర్మనీ నుంచి వచ్చిన ష్లైషర్ చేతికి పోయింది. రవివర్మ 1906లో కాలం చేశాక కూడా బొమ్మలు అచ్చవుతూనే ఉన్నాయి. కాబట్టి ఆ మహానుభావుడు పైకి వెళ్లాక కూడా తీరిక లేకుండా సంతకాలు పెడుతూనే ఉన్నాడని మనం నమ్మాలి. నమ్మకం లేనివాళ్లు భూతద్దం కొనుక్కోవచ్చు. రాతి అచ్చులో రంగు చుక్కలు చేత్తో పెట్టినట్టు ఎగుడుదిగుడుగా ఉంటాయి. బారులు తీరిన ఒకే తీరు చుక్కలు కనిపిస్తే, అది ఈమధ్య ఆఫ్‌సెట్‌లో కొట్టిన క్యాలెండరే. ఈ ముక్క మేనమామకు చెప్పకండి, బీపీ ఉంది.

ఇక సంరక్షణ. మ్యూజియంవాళ్లు ఇలాంటి కాగితాన్ని మసక వెలుతురులో ఉంచుతారు, వెనక ఆమ్లం లేని అట్ట పెడతారు, అద్దం తగలకుండా ఎడం వదులుతారు. మనం ట్యూబ్‌లైట్ కింద మేకు కొడతాం. ఎండకు చీర రంగు వెలిసిపోతే పిన్ని ఆమెను అమ్మవారనుకుని అద్దం మీద కుంకుమ పెడుతుంది. (పిన్నిని మరీ తప్పుపట్టలేం. వెనకటి ఆడవాళ్లు ఇలాంటి పటాలకు జరీ, చమ్కీలు కుట్టి చీరలు కట్టేవాళ్లు. ఆ పటాలకు ఇప్పుడు వేరే గిరాకీ.) చిరుగు కనిపిస్తే సెల్లోటేప్, చెమ్మ కనిపిస్తే లామినేషన్. ఫ్రేము షాపువాడు "సైజు కుదరట్లేదు సార్" అంటూ బ్లేడు పెట్టి కింది అంచు కోసేస్తాడు. బొమ్మ పేరు, ప్రెస్సు పేరు ఉండేది ఆ అంచు మీదే. సాక్ష్యం చెత్తబుట్టలోకి, ముద్దాయి గోడమీదకి.

అన్నదమ్ములు అప్పుడే అరవై లక్షలనూ మూడు వాటాలు వేసుకున్నారు. చిన్నవాడికి ఫ్రేము అదనం. బొమ్మ వెనక ప్లైవుడ్డు ఉబ్బుతోంది గానీ, వాటాలు రాసుకున్న స్టాంపు పేపరు మాత్రం ప్లాస్టిక్ కవర్లో, కలరా ఉండలతో, బీరువా లాకర్లో భద్రంగా ఉంది.