తాతల నాటి అంబాసిడర్‌కి పునర్జన్మ

పాత కార్లను ఉద్ధరించే మహానుభావులకు ముందుగా ఒక దండం. 1968 నాటి మార్క్ 2 అంబాసిడర్‌ని 'వంద శాతం ఒరిజినల్‌'గా తీర్చిదిద్దామని ఒక స్టూడియోవారు (షెడ్డు అంటే చిన్నబుచ్చుకుంటారు) ఈమధ్య చాటుకున్నారు. వెళ్లి చూస్తే ఒరిజినల్‌గా మిగిలినవి రెండే: డిక్కీ మీద పేరు, ఆర్సీ కాగితం.

1489 సీసీ పెట్రోలు ఇంజను పోయి ఎవరిదో డీజిల్ ఇంజను వచ్చింది. స్టీరింగ్ పక్కన ఉండే గేరు కడ్డీ పోయి ఆటోమేటిక్ వచ్చింది. ముగ్గురు పెద్దలూ, వాళ్ల ఒళ్లో ఇద్దరు పిల్లలూ పట్టే ముందు సీటు తీసేసి మనిషికొకటి చొప్పున ఎర్ర తోలు బకెట్ సీట్లు వేశారు. పైకప్పు కోసి సన్‌రూఫ్ పెట్టారు. మే నెల బెజవాడ ఎండకి అదెంత అవసరమో వేరే చెప్పాలా!

ఇక అప్పగింత వేడుక. నల్ల పరదా, పొగ మిషను, నెత్తిన డ్రోన్. ఓనరుగారికి అరవై దాటాయి. చిన్నప్పుడు అదే కారు వెనక సీట్లో వాంతులు చేసుకుంటూ తిరుపతి వెళ్లిన మనిషి. పరదా లాగారు. ఆయన కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "మా నాన్నగారి కారు ఏది బాబూ?" అన్నారు.

"ఇదే అంకుల్!"

తలుపు వేసి చూశారు. "చప్పుడు మారిందేమిటి?"

"సౌండ్ డ్యాంపింగ్ చేశాం అంకుల్, ఫ్రీ."

హారన్ నొక్కితే ఓడ కూసింది. ఆయన కళ్లు తుడుచుకున్నారు. ఆనందబాష్పాలనుకుని డ్రోన్ ఇంకా కిందికి దిగింది.

చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం నవాబు 1912 నాటి రోల్స్‌రాయిస్ ఇంకా సింహాసనంతో సహా ఉందంటే, వీళ్ల చేతికి చిక్కకపోబట్టే. చిక్కి ఉంటే ఈపాటికి సింహాసనం పోయి మసాజ్ సీటు వచ్చేది.

కేంద్రం 2021లో వింటేజ్ రూల్స్ తెచ్చింది. 50 ఏళ్లు దాటిన బండికి ఛాసిస్ (అడుగు చట్రం), బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా ఉంటే 20,000 రూపాయలు కట్టి 'వీఏ' అక్షరాల నంబరు ప్లేటు తీసుకోవచ్చు. మనవాళ్లు ఆ మూడింటి మీదా చెయ్యి చేసుకుని, ప్లేటు కూడా మేమే ఇప్పిస్తాం అంటున్నారు. దానికో ప్యాకేజీ ఉందట.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. నాకు ఒళ్లు మండేది లప్పం (సొట్టలూ చిల్లులూ పూడ్చే ముద్ద) దగ్గర. తుప్పు తిన్న రేకు కోసేసి, కొత్తది వెల్డింగ్ చేసి, వెనక డాలీ (దన్నుగా పట్టే ఇనప దిమ్మ) పెట్టి ముందు నుంచి సుత్తితో కొడుతూ మడ్‌గార్డుకి ఆ గుండ్రం తేవాలంటే రోజులు పడుతుంది. ఆ పని వచ్చిన డెంటర్ అదే షెడ్డులో ఓ మూల రోజు కూలీకి ఉన్నాడు. రేకు మారుద్దాం సార్ అంటే, "టైం లేదు, లప్పం కొట్టెయ్" అన్నారు. పుచ్చు వంకాయకి నూనె పూసినట్టు పైన తళతళ. కింద ఫ్లోరు చిల్లులు పడితే దాని మీద కార్పెట్ పరిచారు. సీట్ల బోల్టులు ఆ తుప్పులోకే బిగించారు! దాని మీద పసిపిల్లల్ని కూర్చోబెట్టి, రెట్టింపు పవరున్న ఇంజనుతో హైవే ఎక్కమంటారా? సిగ్గుండాలి. పనొచ్చినవాడి నోరు నొక్కేసి, లక్షలు గుంజి, మనుషుల ప్రాణాల మీద పెయింట్ కొడతారా?

బిల్లు కూడా చూశాను. చివరి పద్దు 'పాత సామాను తరలింపు చార్జీలు'. మరి ఆ పాత ఇంజను ఏదయ్యా అంటే, "తుక్కుకి వేశాం అంకుల్, కేజీల లెక్కన" అన్నారు. తుక్కు డబ్బులు మాత్రం బిల్లులో ఎక్కడా తగ్గలేదు.