112 చక్రాల దొరవారికి

మహారాజశ్రీ హైడ్రాలిక్ ట్రైలర్ దొరవారి సముఖానికి,

ఒడిశా కొరాపుట్ జిల్లా సుంకిలో రోడ్డు పక్కన టిఫిన్ హోటల్ నడుపుకునే నేను, చేతికంటిన ఇడ్లీపిండి కడుక్కుని మరీ రాసుకుంటున్న అర్జీ.

అయ్యా, తమరు మా గుమ్మం ముందు విడిది చేసిన 11 రోజుల్లో నేను చేసిన మొదటి పని తమ చక్రాలు లెక్కపెట్టడం. వరసకు 8, వరసలు 14. ముందు లాగే బండివీ వెనక తోసే బండివీ ఇందులో కలపలేదు. వీపు మీద ట్రాన్స్‌ఫార్మర్. సముద్రాలు దాటి విశాఖ రేవులో దిగిందట. అంత దూరం ఓడలో పడుకుని వచ్చి, సాలూరు ఘాటీ మలుపులన్నీ తిరిగి కొండెక్కి, చివరికి మా ఊళ్ళో ఒక కాగితం కోసం కూలబడింది. కాగితం ఏ ఆఫీసులో కునుకు తీస్తోందో తమ సూపర్‌వైజరుకే తెలీదు. అది వచ్చిన రోజున లైన్‌మేన్ సెలవు.

ఇదే కొరాపుట్ జిల్లాలో పుట్టే మాచ్‌ఖండ్ కరెంటు 1955 నుంచి ఆంధ్రా, ఒడిశా రెండు రాష్ట్రాలకూ పోతోంది. తీగలో పోయే కరెంటును ఆపి పర్మిట్టు చూపించమన్నవాడు లేడు. కరెంటు యంత్రానికే ఈ పాట్లు.

మామూలు లారీ వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదని రూలు. తమరు దాటారు. దాటినందుకు తమకు ముందు జీపు, ఎర్రజెండా, ఈల, బ్రిడ్జీల బలం లెక్కగట్టే ఇంజనీర్లు. నా హోటల్ రేకు మూరెడు ముందుకొచ్చిందని రెండుసార్లు పీకించారు. మూరెడు కాక రోడ్డంతా కప్పేసి ఉంటే నాకూ జీపు పెట్టేవారేమో, తెలివి లేకపోయింది.

ఇక తమరు కదిలిన రోజు. లైన్‌మేన్ ఎల్‌సీ, అంటే తీగల్లో కరెంటు ఆపే అనుమతి, తీసుకున్నాడు, కరెంటు పోయింది. ఇద్దరు కుర్రాళ్ళు తమ వీపెక్కి వెదురు గడలతో తీగలు పైకెత్తి పట్టుకున్నారు. నా గ్రైండర్లో మినప్పప్పు సగం నలిగి ఆగిపోయింది. మూడు గంటల తర్వాత కరెంటు వచ్చింది గానీ ఆ పప్పుతో వేసిన వడలు తమ చక్రాల కింద అడ్డు పెట్టడానికి తప్ప పనికిరాలేదు. రోజూ టీకి వచ్చే ముసలమ్మ అడిగింది: “ఏటి బావూ, కరంటు తెచ్చినోడే కరంటు తీసీసినాడేటి?” ఆవిడకు జవాబు తమరే చెప్పాలి.

ట్రాన్స్‌ఫార్మరుకు కట్టిన ఆ చిన్న పెట్టె మాత్రం నాకు తెగ నచ్చింది. దారిలో తగిలిన ప్రతి కుదుపునూ అది రాసుకుంటుందట. లోపలి నూనె తోడేసి, పొడిగాలి నింపి, బాలింతను తెచ్చినట్టు తెచ్చారు. కుదుపు హద్దు దాటిందని ఆ పెట్టె చెబితే, లోపల ఏమైందో పరీక్ష చేయందే దించుకోరట. మా ఆవిడ నిండు నెలల్లో ఇదే ఘాటీలో జీపులో సాలూరు దిగింది. ఆ జీపుకు ఈ పెట్టె కట్టి ఉంటే పెట్టే పగిలిపోయేది.

తమ డ్రైవరు సర్దార్జీ మంచి కబుర్లపోగు. 2009లో 187 టన్నుల జనరేటరును జర్మనీలో ఒక ఆంటొనోవ్ విమానానికెత్తి ఆర్మేనియాలో దించారట. నాకు కళ్ళు తిరిగాయి. ఎక్కడా ఆగకుండా ఎగిరిపోతే దారిలో హోటళ్ళవాళ్ళ గతేమిటి? ఆయనే ఇంకోటి చెప్పాడు. 2019 జులైలో మహారాష్ట్ర నుంచి బయల్దేరిన 70 టన్నుల ఆటోక్లేవు (వేడీ ఒత్తిడీ పెట్టే పెద్ద పీపాలాంటి యంత్రం), 74 చక్రాల బండి మీద, తిరువనంతపురం అంతరిక్ష కేంద్రానికి 2020 జులైలో చేరిందట. ఏడాది! అది మా ఊరి మీదుగా రాలేదే అని ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. తమ పుణ్యాన ఆ 11 రోజులూ పొద్దున ఎనిమిదికల్లా నా ఇడ్లీ పాత్ర ఖాళీ. మా పిల్లలకు తమ పక్కే క్రికెట్ బౌండరీ, మా ఆవిడకు తమ గొలుసులే దండెం. కాగితం త్వరగా రావాలని ఊరంతా అనుకున్నా నేను మాత్రం అనుకోలేదని ఒప్పుకుంటున్నాను.

అసలు సంగతి ఇది. తమవాళ్ళు ఖాతా మీద తిన్నారు, “తిరిగొచ్చేటప్పుడు ఇస్తాం” అన్నారు. మొన్న గురువారం సరుకు దించేసి, ముక్కలుగా విడిపోయి, ఒకదాని మీద ఒకటెక్కి, మామూలు లారీల్లా రాత్రి రెండింటికి హారనైనా కొట్టకుండా ఘాటీ దిగిపోయారట. తేలిన బాకీ 3,840 రూపాయలు. వడల నష్టం అందులో కలపలేదు.