పడవకి లైట్లున్నాయి సరే, నడిపేవాడికేదీ?

నీళ్ళ మీద పడవలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా ఉండటానికి చాలా దేశాలు కలిసి 1972లో రూల్స్ రాసుకున్నాయి, 1977 జూలై 15 నుంచి అవి అమల్లో ఉన్నాయి, అప్పట్నుంచి వాటిల్లో ఒక పెద్ద లోటు అలాగే ఉండిపోయింది, ఎవరూ నోరు విప్పట్లేదు కాబట్టి నేనే మాట్లాడాల్సొస్తోంది. లోటు ఏంటంటే, పడవ ఏ రకమో చెప్పడానికి బోలెడు లైట్లున్నాయి గానీ దాన్ని నడిపేవాడు ఏ రకమో చెప్పడానికి ఒక్క లైటూ లేదు. చీకట్లో ఎదురొచ్చేది చేపల పడవా, ఓడలకి దారి చూపే పైలట్ పడవా, ఇంకో పడవని లాక్కెళ్ళేదా అన్నీ లైట్లు చూసి చెప్పేయొచ్చు. చుక్కాని దగ్గర ఉన్నాయన మెలకువగా ఉన్నాడా, బామ్మర్దికి డ్రైవింగ్ నేర్పిస్తున్నాడా, అసలు చుక్కాని దగ్గర ఎవరైనా ఉన్నారా... ఇవి మాత్రం మన అదృష్టానికే వదిలేశారు.

ముందు ఉన్న లైట్ల గొప్పతనం ఒప్పుకుందాం, లేకపోతే రూల్స్ చదవకుండా రాశాడంటారు. ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క ఆకుపచ్చ, ఒక్కోటీ పడవ ముక్కు నుంచి మొదలుపెట్టి సరిగ్గా 112.5 డిగ్రీల మేరకే కనపడాలి. వెనకాల తెల్ల లైటు 135 డిగ్రీలు. మూడూ కూడితే 360, ఎక్కడా సందు లేదు. ఇంజిన్ మీద పోతుంటే మాస్ట్ (నిలువు స్తంభం) మీద ఇంకో తెల్లది, అది 225, వెనకదానితో కలిపితే మళ్ళీ 360. అర డిగ్రీ దగ్గర కూడా రాజీపడలేదు చూడండి ఆ మహానుభావులు. అంత శ్రద్ధగా కోసిచ్చిన ఆ వృత్తాన్ని మనవాళ్ళు ఏం చేశారయ్యా అంటే, ఎర్ర లైటు ముందు ఫెండర్ (పడవ పక్కలు గీరుకోకుండా కట్టే మెత్త) వేలాడదీశారు, ఆకుపచ్చ లైటు మీద టవల్ ఆరేశారు, వెనక లైటుకి అడ్డంగా డింగీని, అంటే వెంట తెచ్చుకునే బుల్లి పడవని, కట్టిపెట్టారు. ఇక అక్కడో పడవ ఉందన్న సంగతి దూరం నుంచి వచ్చేవాడికి దాని స్పీకర్ల వల్లే తెలియాలి, వాటికి మాత్రం నిజంగానే 360 డిగ్రీల కవరేజ్ ఉంటుంది.

లైట్లు చదవడం అంత కష్టమేం కాదు నిజానికి. ఇంజిన్ మీద పోయే రెండు పడవలు ఎదురెదురుగా వస్తే ఒకరి ఎరుపూ ఆకుపచ్చా రెండూ ఇంకొకరికి కనపడతాయి, ఇద్దరూ కుడికి తిరగాలి. అడ్డంగా దాటేటప్పుడు ఎదుటివాడి ఎరుపు కనపడిందంటే తప్పుకోవాల్సింది నువ్వు, ఆకుపచ్చ కనపడిందంటే వాడు, నువ్వు అదే దారిలో అదే స్పీడ్‌లో పోవాలి. ఇంతవరకు జెట్టీ మీద టీ తాగే ప్రతివాడికీ వచ్చు. ఆ తర్వాతి వాక్యం మాత్రం ఎవరూ చదవరు, వాడు తప్పుకోకపోతే నువ్వు కూడా ఏదో ఒకటి చెయ్యాలి అని ఉంటుంది అక్కడ. మావాళ్ళల్లో కొందరు ఆకుపచ్చ కనపడగానే కోర్టులో కేసు గెలిచినంత ధీమాగా కూర్చుంటారు, పడవ మునుగుతున్నా వాళ్ళ మొహంలో ఆ ధీమా చెదరదు. ఇలాంటి వాళ్ళ కోసం నా మొదటి ప్రతిపాదన, మాస్ట్ పైన వంకాయ రంగు లైటు ఒకటి, చుట్టూ కనపడేలా. అర్థం: "రైటు నాది, ప్రాణం నీది." అది కనపడగానే మిగతావాళ్ళం రూల్స్ పక్కనపెట్టి దూరంగా పోతాం, ఎవరికీ నష్టం లేదు.

ఇక స్విచ్ ప్యానెల్ సంగతి. ప్రతి పడవలోనూ ఓ ప్యానెల్ ఉంటుంది, దాని మీద స్విచ్‌ల పేర్లు ఉప్పు గాలికి చెరిగిపోయి ఉంటాయి, కాబట్టి చీకటి పడగానే ఓనరు గారు ఏ గొడవా లేకుండా అన్నీ ఆన్ చేసేస్తారు. ఇప్పుడా పడవ ఏం చెప్తోందో చదువుదాం. పైన మూడు రంగుల లైటు, అంటే నేను కేవలం తెరచాప మీద వెళ్తున్నాను (20 మీటర్ల లోపు తెరచాప పడవలకే అది, అదీ ఇంజిన్ ఆపేసి ఉంటేనే). దాని కింద మాస్ట్ లైటు, అంటే ఇంజిన్ మీద వెళ్తున్నాను. చుట్టూ కనపడే తెల్ల లైటు, అంటే లంగరేసుకుని కదలకుండా ఉన్నాను. పోతూ పోకుండా, గాలితో గాలి లేకుండా, ఇంత వేదాంతం ఒక్క పడవలో ఉండటం చూసి ఎదురొచ్చే ఓడ కెప్టెన్‌కి కళ్ళు చెమర్చాలి, కానీ ఆయన తిడుతున్నాడని విన్నాను.

దీనికి సరిగ్గా వ్యతిరేకం ఇంకో బ్యాచ్. అసలు లైటే వెయ్యరు. ఎందుకండీ అంటే బ్యాటరీ అయిపోతుందంటారు. లోపల ఫ్రిజ్ నడుస్తుంటుంది, రెండు ఫోన్లు ఒక ట్యాబ్ చార్జింగ్‌లో ఉంటాయి, ఎల్‌ఈడీ వచ్చాక నేవిగేషన్ లైట్లన్నీ కలిపినా ఆ ఫ్రిజ్ తాగే దాంట్లో మూలకి రాదు, అయినా పొదుపు మాత్రం లైట్ల దగ్గరే. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా లైట్లుండాలి అని రూల్ అంటే, ఇంకా కనపడుతూనే ఉంది కదా అంటాడు. వాడికి కనపడుతోంది. వాడు ఎవరికీ కనపడట్లేదు. ఈ తేడా చెప్పబోతే మనల్నే చాదస్తం కింద జమకడతారు.

కానీ నన్నడిగితే అసలు లైట్లు లేనివాడి కన్నా నీలం లైట్ల వాడే ప్రమాదం. నీళ్ళ అడుగున నీలం, డెక్ చుట్టూ రంగులు మారే స్ట్రిప్పు, మెట్ల కింద ఇంకో స్ట్రిప్పు. చూసి అసలు లైట్లే అనుకునేలా వేరే ఏ లైట్లూ ఉండకూడదని, కాపలా చూపుకి అడ్డం రాకూడదని రూల్స్‌లో స్పష్టంగా ఉంది. ఈయనేమో చేపలు భలే వస్తాయండి అంటాడు. చేపలే కాదు, చాలా చోట్ల నీలం లైటు పోలీసు పడవలది కాబట్టి వాళ్ళూ వస్తారు. దీంట్లో అసలు మజా ఏంటంటే మన కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది, అంత వెలుగు మధ్యలో కూర్చున్నవాడికి బయట ఏమీ కనపడదు, పైగా చవక రకం ఎల్‌ఈడీలు కొన్ని పడవల వాళ్ళు మాట్లాడుకునే వీహెచ్ఎఫ్ రేడియోలో గరగర పుట్టిస్తాయి, అంటే ఎవరైనా పిలిచినా వినపడదు. చూపు లేదు, వినికిడి లేదు, అందం మాత్రం ఉంది. దీనికి కొత్త లైటు అక్కర్లేదు లెండి, ఆ నీలాన్నే "నాకు మీరెవరూ కనపడట్లేదు" అనే అధికారిక సిగ్నల్‌గా గుర్తిస్తే సరిపోతుంది.

నిలువుగా రెండు ఎర్ర లైట్లు కనపడితే కెప్టెన్ పోయాడని అర్థం అన్నది పడవల వాళ్ళ పాత జోకు, గుర్తుపెట్టుకోవడానికి అలా చెప్పుకుంటారు. అసలు అర్థం ఏదో అసాధారణ పరిస్థితి వల్ల పడవ అదుపులో లేదు, నేను తప్పుకోలేను మీరే తప్పుకోండి అని. మనిషి పరిస్థితికి దగ్గరగా వచ్చిన సిగ్నల్ ఇదొక్కటే అని నాకు దీనిమీద కాస్త అభిమానం. ఒంటరిగా సముద్రాలు దాటేవాళ్ళు నిద్రపోయేటప్పుడు ఈ రెండు ఎర్ర లైట్లు వేసుకోవచ్చా అని ఒక చర్చ ఉంది, తెల్లారేదాకా వాదించుకుంటారు దీనిమీద. కూడదనేవాళ్ళ పాయింటు: చూపుతోటీ చెవితోటీ ఎప్పుడూ కాపలా ఉండాలని రూల్ చెప్తుంటే, ప్రతి రాత్రీ వచ్చే నిద్ర అసాధారణ పరిస్థితి ఎలా అవుతుందీ అని. వేసుకోవచ్చనేవాళ్ళ పాయింటు: మా ఇంట్లో చంటిపిల్ల ఉంది, నిద్ర అసాధారణమే.

పగటి సిగ్నల్స్ గురించి మాట్లాడకపోవడమే మంచిది, ఎందుకంటే ఎవరూ పెట్టరు. తెరచాప ఎత్తి ఉండగా ఇంజిన్ కూడా నడుస్తుంటే మొన కిందికి ఉండేలా ఒక నల్ల శంఖువు వేలాడదీయాలి. అది ప్రతి తెరచాప పడవలోనూ ఏదో అరలో అడుగున కవరు విప్పకుండా ఉంటుంది. పొరపాటున ఎవరైనా వేలాడదీస్తే మీ పడవ మీద ఏదో పడిందండీ అని పక్కవాళ్ళు కేకేసి చెప్తారు. ఇసుకలో ఇరుక్కుంటే నిలువుగా మూడు నల్ల బంతులు ఎగరెయ్యాలి, చీకటైతే లంగరు లైటుతో పాటు రెండు ఎర్రవి. 12 మీటర్ల లోపు పడవలకి దీన్నుంచి మినహాయింపు ఇచ్చారు, చాలా మానవత్వం ఉన్న రూల్ ఇది. ఇరుక్కున్న ఓనరు అప్పటికే చొక్కా విప్పి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి పడవ అడుగు కడగడానికే ఆపానన్నట్టు నటిస్తుంటాడు, మధ్యలో ఈ బంతులు ఎగరేసి ఆయన పరువు ఎందుకు తియ్యడం.

కూతల దగ్గరికొద్దాం. ఒకరికొకరు కనపడుతున్నప్పుడు ఒక చిన్న కూత అంటే కుడికి తిరుగుతున్నా, రెండంటే ఎడమకి, మూడంటే ఇంజిన్ రివర్స్‌లో ఉంది. గబగబా అయిదు లేదా అంతకన్నా ఎక్కువ కొడితే నీ ఉద్దేశం ఏంటో నాకు అర్థం కావట్లేదు, నువ్వు చేస్తున్నది సరిపోతుందని నాకు నమ్మకం లేదు అని. రూల్స్ రాసినవాళ్ళు తిట్టుని ఇంత మర్యాదగా రాసినందుకు వాళ్ళకి దణ్ణం పెట్టాలి. చిక్కెక్కడంటే మనవాళ్ళ దగ్గరుండేది గ్యాస్ డబ్బా హారన్, అది కొన్నప్పట్నుంచి అరలోనే ఉండి ఉండి నీరసించిపోతుంది, అయిదు కొడదామని మొదలుపెడితే మూడు కూసి నాలుగోదానికి ఉస్సుమంటుంది. మూడంటే రివర్స్. ఎదుటివాడు రూల్స్ తెలిసినవాడైతే ఆహా వెనక్కి తగ్గుతున్నాడు అని నిశ్చింతగా ముందుకొస్తాడు. రూల్స్ తెలియనివాడైతే పలకరించారనుకుని చేతులూపుతాడు, మనవాడు రెండు చేతులూ చాపి పైకీ కిందకీ నెమ్మదిగా ఊపుతూ వద్దు వద్దు అంటాడు, ఆ ఊపడం ఏమో అధికారికంగా ప్రమాద సంకేతం, అంటే ఒడ్డు మీద ఎవరో శ్రద్ధగా చూసేవాళ్ళుంటే రెస్క్యూ బోట్ బయల్దేరిపోతుంది. ఇంతా చేసి అక్కడ ఎవరికీ ఏమీ కాలేదు, ఇద్దరూ నమస్తే పెట్టుకున్నంత పనే అయింది.

పొగమంచులో ఇంకా నయం. ఇంజిన్ మీద కదులుతున్నవాడు రెండు నిమిషాలకి మించకుండా ఒక పొడుగు కూత కొట్టాలి, తెరచాప వాడు ఒక పొడుగు రెండు పొట్టి. 12 మీటర్ల లోపు వాళ్ళు గట్టిగా వినపడే ఏదో ఒక చప్పుడు చేస్తే చాలు, గిన్నె గరిటె అయినా సరే. ఈ రూల్‌ని మాత్రం మావాళ్ళు ఎండ కాస్తున్నా పాటిస్తారు.

సెర్చ్‌లైట్ల వాళ్ళని కూడా వదలకూడదు. తన తెరచాప మీదికి టార్చ్ కొట్టుకుని నేనిక్కడున్నాను అని చూపించుకునేవాడు తెలివైనవాడు. ఎదుటివాడి కళ్ళల్లోకి కొట్టి నువ్వెవరు అని చూసేవాడు ఇంకో రకం, ఆ దెబ్బకి చీకటికి అలవాటుపడ్డ కళ్ళు కాస్తా పోతాయి, తర్వాత కాసేపు వాడి ఎరుపూ కనపడదు ఆకుపచ్చా కనపడదు, మొహం మీద ఓ తెల్లటి మచ్చ మాత్రం ఎటు చూస్తే అటు వస్తుంటుంది.

ఇన్ని రూల్స్ వెతికాక నాక్కావాల్సిన లైటు ఒక్క చోట దొరికింది, అదీ అందరికన్నా చిన్న పడవల దగ్గర. 7 మీటర్ల లోపు తెరచాప పడవలు, తెడ్లేసుకునే పడవలు మామూలు లైట్లు పెట్టుకోలేకపోతే ఒక టార్చో లాంతరో చేతికందేలా రెడీగా పెట్టుకుని, గుద్దుకోకముందే టైముకి చూపిస్తే చాలు. ఆలోచిస్తే ఇది మామూలు రూల్ కాదు. మిగతా లైట్లన్నీ ఓనరు గురక పెడుతున్నా వాటంతటవి వెలుగుతూనే ఉంటాయి, ఈ టార్చ్ వెలగాలంటే మాత్రం ఒకడు మెలకువగా ఉండాలి, ఎదుటి పడవని చూసి ఉండాలి, భయపడి ఉండాలి. కాబట్టి నా తుది డిమాండు, వంకాయ రంగు లైటు ఇవ్వకపోయినా పర్లేదు, ఈ టార్చ్ రూల్‌ని అందరికీ పెట్టండి, ఎంత పెద్ద పడవైనా సరే. జెట్టీ మీద ఈ మాటంటే ఫోన్‌లో టార్చ్ ఉంది కదండీ అన్నారు. ఉంది, కాదన్నానా. అదే ఫోన్‌లో దారి చూసుకునే చార్టుంది, అదే ఫోన్‌లో పాటలున్నాయి, చార్జింగ్ నాలుగు శాతం ఉంది, కేబుల్ ఏమో బామ్మర్ది దగ్గరుంది.